ఏమి కనబడుతోంది, మామ్మగారూ?



ఈ వారం ఒక కంటి జబ్బు గురించి రాస్తున్నాను. పాస్టరుగారికి వాక్యం దొరకలేదా అనుకోవద్దు. వాక్యం దగ్గరకే వస్తాను. మన స్త్రీల కూటములో ఇరవై ఏళ్లకు పైగా బైబిలు చదివి వినిపించిన ఒక మామ్మగారి గురించి మీలో చాలామంది నన్ను అడుగుతున్నారు. కొందరు ప్రేమతో అడిగారు, కొందరు నొచ్చుకొని అడిగారు. ఆమె రాయమంటేనే రాస్తున్నాను. పేరు రాయను. ఊళ్లో ఉన్నవారికి తెలుసు, లేనివారికి పేరుతో పని లేదు.

ఆమె మీద మూడు మాటలు నడిచాయి. మొదటిది గర్వం. ఎదురుగా నిలబడి వందనాలు చెబితే ముఖం పక్కకు తిప్పుకుంటోందని, కొడుకు ఉద్యోగం చూసుకొని మనుషులను లెక్కచేయటం లేదని అన్నారు. రెండోది ఆత్మీయంగా చల్లారిపోయిందని. కూటములో బైబిలు చేతికిస్తే "ఈరోజు ఇంకెవరైనా చదవండమ్మా" అని పక్కకు అందించేస్తోంది కదా. మూడోది గట్టిగా అనలేదు, చెవుల్లో అనుకున్నారు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చొని లేని మనుషులను చూస్తోందని, ఏదో పట్టిందని.

పైగా ఒక అనుమానం. గోడవార పోతున్న కోడిపిల్లను కనిపెట్టి అదిలిస్తుంది. ఎవరి సాయం లేకుండా గుడికి నడిచి వస్తుంది, మెట్టు తడబడదు. అలాంటి మనిషికి ఎదురుగా ఉన్న ముఖం కనబడదా? ఇదేమి గుడ్డితనం, నాటకం కాకపోతే? అని.

ఇక్కడ మార్కు సువార్త 8వ అధ్యాయం గుర్తు చేసుకుందాం. బేత్సయిదాలో ఒక గుడ్డివానిని ప్రభువు దగ్గరకు తీసుకొచ్చారు. ఆయన అతని చెయ్యి పట్టుకొని ఊరి బయటకు నడిపించాడు. కన్నులమీద ఉమ్మివేసి, చేతులుంచి, ఆ తరువాత ఒక ప్రశ్న అడిగాడు. నీకేమైనా కనబడుతోందా అని. సువార్తల్లో ప్రభువు ఎందరినో బాగుచేశాడు గానీ, మధ్యలో ఆగి ఇలా అడగటం మనకు ఇక్కడే కనిపిస్తుంది. అతడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మనుషులు కనిపిస్తున్నారు, కానీ నడుస్తున్న చెట్లలా ఉన్నారు అన్నాడు. అంత వింత జవాబు విని అక్కడ ఎవరూ నవ్వినట్టు లేదు. నీకు విశ్వాసం చాలలేదని ప్రభువు గద్దించనూ లేదు. మళ్లీ చేతులుంచాడు.

ఆయన అడిగిన ఆ ప్రశ్నే నేనూ పట్టుకొని వారింటికి వెళ్లాను. "మామ్మగారూ, ఏమి కనబడుతోంది?" అన్నాను.

"మీ సొక్కా కనబడతంది అయ్యగోరూ. మీ కాళ్లు కనబడతన్నాయి. మొకం కాడికి వచ్చేసరికి బూడిద పులిమినట్టుంటాది. నాను అటు గోడకేసి సూత్తే మాత్రం మీ సెవి, గెడ్డం కొంచెం వత్తాయి" అంది.

బైబిలు గురించి అడిగితే ఏడ్చింది. వరస మొదలు కనబడుతుందట, చివర కనబడుతుందట. ఏ మాట చదవాలని చూస్తే ఆ మాటే మాయమవుతుందట. "దేవుడు నా కాడినుంచి వాక్కెం తీసేసుకున్నాడేమో అనుకున్నాను బాబూ" అంది. ఏడాదిగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

కోడలు, నేను కలిసి ఆమెను పట్నంలోని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాము. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి చూశారు. ఓసీటీ అనే స్కాన్ తీశారు. నొప్పి లేదు, గడ్డం ఒక చోట ఆనించి చుక్కకేసి చూడాలి, అంతే. ఆ తరువాత డాక్టరమ్మగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. అర్థమైనంత మీకూ చెబుతాను.

మన కన్ను పాతకాలపు కెమెరాలాంటిది. ముందు అద్దం ఉంటుంది, వెనక ఫిల్మ్ ఉంటుంది. ఆ ఫిల్మే రెటీనా. మన ఊళ్లలో "కంటి వెనక నరం" అంటాము గదా, చాలాసార్లు దీని గురించే అంటాము. ఆ రెటీనా మధ్యలో సుమారు 5 మిల్లీమీటర్ల చోటు ఉంది. పెసరగింజంత. దాని పేరు మాక్యులా. మనము సూదిలో దారం ఎక్కించినా, అక్షరం చదివినా, బియ్యంలో రాయి ఏరినా, మనిషి ముఖం గుర్తుపట్టినా ఆ పెసరగింజంత చోటుతోనే. చుట్టూ ఉన్న మిగతా రెటీనా పక్క చూపు ఇస్తుంది. దారిలో నడవటానికి, పక్కన కదిలే దానిని పట్టటానికి అది చాలు. చదవటానికి చాలదు.

మామ్మగారికి దెబ్బతిన్నది ఆ మధ్య చోటు. వయసుతో వచ్చే మాక్యులా క్షీణత అంటారు. అందుకే కోడిపిల్ల కనబడింది, మనిషి కనబడలేదు. కోడిపిల్ల పక్కన ఉంది. మనిషి ఎదురుగా, సరిగ్గా మధ్యలో ఉన్నాడు. ఆమె ముఖం తిప్పుకున్నది మనల్ని చూడకూడదని కాదు సహోదరులారా. మనల్ని చూడాలనే తిప్పుకుంది. మధ్య చూపు పోయినవారు ఒక పక్కకు చూస్తే, మిగిలిన పక్క చూపుతో ఎదురుగా ఉన్నది కొంత అందుతుంది. ఎవరూ నేర్పకుండా చాలామంది తమంతట తామే అది కనిపెట్టుకుంటారు. ఆసుపత్రుల్లో దాన్ని అలవాటు చేయించే శిక్షణ కూడా ఉంది. మనము గర్వమనుకున్నది మనకోసం ఆమె పడిన ప్రయాస.

ఈ జబ్బు రెండు రకాలు. పొడి రకం, తడి రకం. ఎక్కువమందికి వచ్చేది పొడి రకమే. మాక్యులా కింద ఒక సన్నని పొర ఉంటుంది. రెటీనాకు ఆహారం అందించి చెత్తను తీసుకెళ్లేది అదే. వయసు మీద పడేకొద్దీ ఆ చెత్త పోక పసుపు చుక్కలుగా పేరుకుంటుంది. కాలవ పూడిపోతే శివారు చేను ఎండినట్టు, పైనున్న రెటీనా కణాలు మెల్లగా చస్తాయి. ఏళ్ల తరబడి జరిగే పని ఇది.

తడి రకం అలా కాదు. గోడ కింద రావి వేరు దూరినట్టు, రెటీనా కింద పిచ్చి రక్తనాళాలు పుట్టి, నీరు, రక్తం కారుతాయి. రెటీనా పైకి ఉబ్బుతుంది. తిన్నగా ఉన్న గుమ్మం వంకరగా కనబడుతుంది, కరెంటు స్తంభం మధ్యలో వంగినట్టుంటుంది. ఇది వారాల్లో, ఒక్కోసారి రోజుల్లోనే చూపును తినేస్తుంది. అయితే దీనికి వైద్యం ఉంది. ఆ పిచ్చి నాళాలను అణచే మందును కంటిలోకే ఇంజెక్షన్ చేస్తారు. 2006లో అమెరికాలో రానిబిజుమాబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. ఇప్పుడు అలాంటి మందులు మన దేశంలోనూ వాడుతున్నారు. కంటిలో సూది అనగానే గుండె ఆగినంత పనవుతుంది. మత్తు చుక్కలు వేసి చేస్తారు, క్షణాల్లో అయిపోతుంది. ఒకటితో తీరదు. మొదట నెలకొకటి చొప్పున, ఆ తరువాత స్కాన్ చూసి ఎప్పుడెప్పుడో చెబుతారు. ఎంత తొందరగా వెళితే అంత చూపు నిలుస్తుంది. మచ్చ కట్టాక వెళితే చేయగలిగింది తక్కువ.

మామ్మగారిది రెండు కళ్లలోనూ పొడి రకం, ముదిరిపోయింది. పోయిన చూపును తిరిగి తెచ్చే మందు లేదని డాక్టరమ్మగారు నిదానంగా, దాచకుండా చెప్పింది. అదే నోటితో ఇంకొకటి కూడా చెప్పింది. పక్క చూపు మామూలుగా పోదు, లోకమంతా చీకటి అయిపోదు, నీ పనులు నువ్వు చేసుకుంటావు అని. మామ్మగారు తిరుగు బస్సులో తలచుకొని తలచుకొని సంతోషించింది ఈ రెండో మాటకే.

మీరు అడగబోయేది నాకు తెలుసు. శుక్లాల ఆపరేషన్ చేయిస్తే రాదా? కళ్లజోడు మారిస్తే రాదా? శుక్లం అంటే కెమెరా ముందు అద్దం మసకబారటం. అద్దం మార్చవచ్చు. కళ్లజోడు ఆ అద్దానికి సాయం. ఫిల్మ్ మధ్యలో కాలిపోతే ఎంత మంచి అద్దం పెట్టినా ఆ చోట బొమ్మ పడదు. 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు పేరుతో ప్రభుత్వాలు ఊరూరా కళ్లు పరీక్షించి జోళ్లు ఇచ్చాయి. ఎందరికో మేలు జరిగింది. జోడు పెట్టుకున్నా అక్షరం మధ్యలో మాయమవుతోందంటే మాత్రం జోడును తిట్టుకొని ఊరుకోవద్దు. వెనక రెటీనాను చూపించుకోండి.

ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్తగా వినండి. ఒక కన్ను పాడవుతూ ఉంటే రెండో కన్ను ఆ లోటును కప్పేస్తుంది. మెదడు కూడా ఖాళీ చోటును చుట్టుపక్కల రంగుతో అతికేస్తుంది. అందుకే రెండు కళ్లూ తెరిచి చూసినంత కాలం మనిషికి తెలియదు. రెండో కన్ను కూడా పోయేదాకా తెలియదు. దీనికి మార్కు ఆమ్స్లర్ అనే స్విట్జర్లాండు కంటి వైద్యుడు సులువైన గళ్ల కాగితం తయారుచేశాడు. 10 సెంటీమీటర్ల చదరంలో 5 మిల్లీమీటర్ల గళ్లు, మధ్యలో ఒక చుక్క. చదువుకొనే జోడు పెట్టుకొని, చదివేంత దూరంలో పట్టుకొని, ఒక కన్ను మూసి చుక్కకేసి చూడాలి. గీతలు వంగినా, చెరిగినా, మధ్యలో మచ్చ ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ తరువాత రెండో కన్ను.

ఒక బుధవారం ప్రార్థన అయ్యాక, యాభై దాటిన వారందరినీ కూర్చోబెట్టి ఇదే చేశాము. ఆసుపత్రివారు ఇచ్చిన కాగితం ఒకటి ఉంది. అది చేతులు మారుతుంటే నవ్వులు, వేళాకోళాలు. ఆటో నడుపుకొనే ఒక సహోదరుడు ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చూసి ఊరుకుండిపోయాడు. "ఏమి కనబడుతోంది?" అన్నాను. "గళ్లు చీర కుచ్చిళ్లలా ముడత పడ్డాయి పాస్టరుగారూ" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. మర్నాడు పొద్దుటి బస్సుకే పంపించాము. తడి రకం. ఆ వారంలోనే మొదటి ఇంజెక్షన్ పడింది. ఇప్పటికి నాలుగయ్యాయి. గీత ఇంకా కొంచెం వంకరే అంటాడు, కానీ ఆ కంటితో బస్సు బోర్డు చదువుతున్నాడు. ఆ బుధవారం పావుగంట ఆలస్యంగా ఇళ్లకు వెళ్లినందుకు ఎవరూ చింతించరనుకుంటాను.

మీ ఇళ్లలో గళ్ల కాగితం లేకపోతే కిటికీ ఊచలు, గుమ్మం అంచు, క్యాలెండరు గళ్లు చాలు. ఒక్కొక్క కన్ను విడివిడిగా చూడాలి, అదే ముఖ్యం. గళ్లు తిన్నగా ఉన్నాయని అసలు పరీక్ష మానవద్దు. చక్కెర జబ్బు ఉన్నవారికి ఆ జబ్బు వల్ల కూడా రెటీనా పాడవుతుంది. వారు ఏటా చుక్కలు వేయించుకొని చూపించుకోవాలి. ఖర్చుకు భయపడేవారు ప్రభుత్వ ఆసుపత్రి సంగతి మరువవద్దు. విశాఖపట్నంలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానివే. తోడు కావాలంటే నాకు చెప్పండి, వస్తాను.

పొగ గురించి ఒక మాట. ఈ జబ్బుకు వయసు పెద్ద కారణం, దాన్ని ఎవరూ ఆపలేరు. మన చేతిలో ఉన్న వాటిలో పెద్దది పొగాకు. మన ఉత్తరాంధ్రలో ఆడవారు కూడా నిప్పు నోట్లోకి పెట్టి అడ్డచుట్ట కాలుస్తారని లోకమంతటికీ తెలుసు. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థవారు ఆంధ్రప్రదేశ్‌లో చేసిన పెద్ద నేత్ర అధ్యయనంలో, చుట్టలు ఎక్కువగా కాల్చినవారిలో ఈ జబ్బు ఎక్కువగా కనబడింది. ఎవరినీ నిందించటానికి చెప్పటం లేదు. చుట్ట ముట్టనివారికీ ఇది వస్తోంది. కాలుస్తున్నవారు ఈరోజే మానితే కళ్లకు మేలు, నోటికి మేలు. మధ్య దశలో ఉన్నవారికి కొన్ని విటమిన్లు, జింకు కలిసిన మాత్రలు జబ్బు ముదరకుండా సుమారు 25 శాతం ముప్పు తగ్గిస్తాయని 2001లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. అవి అందరికీ కాదు, డాక్టరు చెబితేనే. తోటకూర, పాలకూర తినటానికి మాత్రం ఎవరి చీటీ అక్కరలేదు.

ఇక మూడో మాట. లేని మనుషులను చూడటం.

కోడలు భయపడుతూ చెప్పింది. పొద్దు వాలాక అత్తగారు అరుగు మీద కూర్చొని, ఎదురు గోడ వెంట ఎర్ర బట్టలు కట్టుకున్న చిన్నపిల్లలు వరసగా నిలబడ్డారంటుందట. ఒక్కోసారి గోడ నిండా ముగ్గులు కనబడతాయట. చుట్టాల్లో ఒకరు, పొరుగూరి నుంచి దయ్యాలు వెళ్లగొట్టే ఆయనను పిలిపిద్దామన్నారు. నేను మామ్మగారినే అడిగాను. ఆ పిల్లలు మాట్లాడతారా? మాట్లాడరు. భయపెడతారా? లేదు. నిజంగా ఉన్నారనుకుంటున్నావా? "నేరు బాబూ. మేక వాళ్ల మద్దినుంచి పోయినాది. ఉంటే పక్కకి జరగరా?" అంది. బుద్ధి తిన్నగా ఉన్న మనిషి చెప్పే జవాబు అది.

డాక్టరమ్మగారికి ఈ సంగతి చెప్పగానే ఆశ్చర్యపోలేదు. చాలామందికి వస్తుందని, పిచ్చి అంటారేమోనని దాచుకుంటారని చెప్పింది. దానికి చార్లెస్ బోనే సిండ్రోమ్ అని పేరు. బోనే జెనీవా నగరపు పండితుడు. ఆయన తాతగారు చార్లెస్ లులిన్‌కు ముసలితనంలో చూపు తగ్గాక, లేని మనుషులు, పక్షులు, బండ్లు, భవనాలు కనబడేవి. తాతగారి బుద్ధి చక్కగా ఉంది, అవి నిజం కాదని ఆయనకు తెలుసు. మనవడు అడిగి తెలుసుకొని 1760లో పుస్తకంలో రాశాడు. కారణం ఇది. కంటి నుంచి బొమ్మలు రావటం తగ్గిపోతే, చూపు చూసే మెదడు భాగం ఊరికే ఉండలేక తన బొమ్మలు తానే వేసుకుంటుంది. కాలు తీసేసినవారికి ఆ లేని కాలు దురద పెట్టినట్టు. దీపం వేస్తే, కళ్లు అటూ ఇటూ తిప్పితే తరచు పోతాయి. చాలామందిలో కాలం గడిచేకొద్దీ తగ్గుతాయి. అయితే మాటలు కూడా వినబడుతున్నా, మనిషి తికమకపడుతున్నా, కనబడేవి నిజమని నమ్ముతున్నా అది వేరే సంగతి కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

నేను సువార్తలను నమ్మే సేవకుడను. ప్రభువు దయ్యములను వెళ్లగొట్టాడని ప్రకటిస్తాను. అదే సువార్త, మత్తయి 4:24లో, దయ్యము పట్టినవారిని ఒక వరసలో, రోగులను మరో వరసలో వేరువేరుగా చెబుతోంది. ప్రభువు దగ్గర ఆ తేడా ఉంది, మన దగ్గరా ఉండాలి. డెబ్బై దాటిన తల్లిని జుట్టు పట్టుకొని అరిచి ప్రార్థించి ఉంటే ఆమె ఏమైపోయేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకొకటి కూడా జరిగింది. ఊరికి వచ్చిన ఒక బోధకుడు ఆమెతో, నీకు విశ్వాసం చాలలేదు, దాచిన పాపం ఏదో ఉంది, జోడు తీసి పారేయి అన్నాడట. ఆ రాత్రంతా ఆమె చిన్నప్పటి నుంచి చేసిన తప్పులు వెతుక్కుంటూ కూర్చుంది. యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు ఇలాంటి ప్రశ్నే వేశారు. వీడు పాపం చేశాడా, తల్లిదండ్రులు చేశారా అని. ఆ రెండూ కావని ప్రభువు తేల్చేశాడు. ఆయన మూసిన తలుపును మనము తెరవకూడదు. ఇక మందు సంగతి. హిజ్కియా రాజుకు స్వస్థత వాగ్దానం చేసినది దేవుడే. ఆ పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నది యెషయా ప్రవక్తే. ప్రార్థన ఒక చేత్తో, మందు ఒక చేత్తో అందుకుంటే దేవునికి అవమానం కాదు.

ఇప్పుడు సంఘముగా మనము చేయవలసినవి. ఆమెను కలిసినప్పుడు ముందు మీ పేరు చెప్పండి. "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అని ఆటలాడవద్దు. ఇస్సాకు కళ్లు మసకబారినప్పుడు ఇంటివారే ఆయనను మోసం చేశారు. పాపం ఆయన గొంతు విన్నాడు, చేతులు తడిమాడు, వాసన చూశాడు, అయినా మోసపోయాడు. పింఛను డబ్బు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు నోటు నోటు చెప్పి చేతిలో పెట్టండి. వేలిముద్ర వేయించే ముందు కాగితం మొత్తం చదివి వినిపించండి. గుడ్డివాని ఎదుట అడ్డము వేయకూడదని లేవీయకాండము 19వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది. అడ్డమంటే రాయి ఒక్కటే కాదు.

మన మందిరపు మెట్ల అంచుకు యువకులు తెల్ల రంగు వేశారు, దేవుడు వారిని దీవించును గాక. ఆమె కూర్చునే చోట వెలుతురు వెనక నుంచి వచ్చేలా చాప మార్చాము. బల్ల ఆరాధనలో గిన్నె ఆమె చేతికి తాకించి ఇస్తున్నాము. మనవడు ఫోనులో బైబిలు వినిపించే ఏర్పాటు చేశాడు. భూతద్దం, పెద్ద అక్షరాల బైబిలు కొంతమందికి పనికొస్తాయి. ఆమెకు కీర్తనల్లో పెద్ద అక్షరం నాలుగు మాటల వరకు పక్క చూపుతో అందుతోంది. ప్రభుత్వం 2016 చట్టంలో గుడ్డితనంతో పాటు తక్కువ చూపును కూడా వైకల్యంగా లెక్కించింది. రెండు కళ్లూ బాగా తగ్గినవారు సదరం శిబిరంలో పరీక్షించుకొని ధ్రువపత్రం అడగవచ్చు. అది భిక్ష కాదు, హక్కు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆమెను మూలన కూర్చోబెట్టకండి. ప్రధాన యాజకుడైన ఏలీ కళ్లు మసకబారిన సంగతి 1 సమూయేలు 3వ అధ్యాయం మొదట్లోనే ఉంది. అదే రాత్రి బాలుడైన సమూయేలును పిలుస్తున్నది ఎవరో గ్రహించింది ఏలీయే. మంచి కళ్లున్న పిల్లవాడికి తెలియలేదు. యాకోబు సంగతీ అంతే. చూపు ఆనని తండ్రి మనవల తలల మీద చేతులు తప్పుగా పెట్టాడని యోసేపు సరిచేయబోయాడు. తండ్రి తెలిసే పెట్టాడు.

స్త్రీల కూటములో ఇప్పుడు ఒక ఆడపిల్ల బైబిలు చదువుతోంది, పక్కన మామ్మగారు కూర్చుంటోంది. పిల్ల ఒక మాట దగ్గర తడబడితే మామ్మగారు గోడకేసి చూస్తూ ఆ మాట అందిస్తోంది. దేవుడు వాక్యం తీసేసుకోలేదని ఆమెకు తెలిసింది. ఇరవై ఏళ్లుగా ఆయన దాన్ని ఆమె లోపల పెడుతూ ఉన్నాడు.

స్వస్థత కోసం ప్రార్థిస్తూనే ఉన్నాము, మీరూ ప్రార్థించండి. బేత్సయిదా మనిషికి రెండోసారి చేతులుంచిన ప్రభువు ఇక్కడ ఎప్పుడు ఉంచుతాడో ఆయన చిత్తము. ఈలోగా ఆయన అడిగిన ప్రశ్న మనకు అప్పగించాడు. ఈ రాత్రి ఇంట్లో ఉన్న పెద్దవారికి, దూరాన ఉన్నవారైతే ఫోను చేసి, ఒక్కొక్క కన్ను మూయించి ఆ ప్రశ్న అడగండి. జవాబు ఎంత వింతగా ఉన్నా ఓపికగా వినండి.

ప్రేమగల తండ్రీ, మా పెద్దలను మాకు ఇచ్చినందుకు స్తోత్రము. వారు మావైపు చూడలేనప్పుడు మేమే వారి దగ్గరకు వెళ్లే మనసు ఇవ్వు. తొందరపడి తీర్పు తీర్చే నోటికి కావలి ఉంచు. వైద్యుల చేతులను, పేదవారి దారిఖర్చును, ఆ సహోదరుని కుడి కన్నును, మా మామ్మగారి రెండు కన్నులను నీ చేతికి అప్పగిస్తున్నాము. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.